స్టూడెంట్ అనే మాట

మా ఇంటర్మీడియట్ ఇంగ్లీషు రీడర్లో మొదటి పాఠం ఒక కుర్రాడిది. ఇంగ్లండులో ఏదో ఊరినుంచి కాలేజీలో చేరడానికి రైలెక్కుతాడు. వాళ్ళమ్మ ట్రంకుపెట్టెలో కేకు సర్దిపెడుతుంది. కాలేజీలోనే ఉండటానికి గది, గదిలో చలి కాచుకునే పొయ్యి, పొద్దున్నే పారిడ్జి, సాయంత్రం ప్రొఫెసరుగారింట్లో టీ. అతనికి కిటికీ మూసి పడుకోవడం అలవాటు, గదిలోకి కొత్తగా వచ్చిన స్నేహితుడికి తెరిచి పడుకోవడం అలవాటు. ఆ తగువుతోనే పేజీలకి పేజీలు నడుస్తాయి. తర్వాతి పాఠంలో పడవ పందెంలో ఓడిపోతాడు. ఆ తర్వాత ఇంటిమీద బెంగపెట్టుకుంటాడు. ఇలా సగం పుస్తకం విద్యార్థి జీవితమే. చదువుకునే పిల్లలకి చదువుకునే పిల్లల సంగతులైతే తేలిగ్గా ఎక్కుతాయని ఎవరో మంచి ఉద్దేశంతోనే పెట్టివుంటారు. ఇన్నేళ్ళయినా ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అతను చేసిన తప్పేమీ లేదు. అయినా మండుతుంది.

మా ఊరు ఉయ్యూరు అవతల ఒక పల్లె. అమ్మా నాన్నా పొలం పనులకి పోయేవాళ్ళు. హైస్కూలు దాకా నేను తెలుగులోనే చదివాను. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవడం వచ్చు, నోరు తెరిచి ఒక వాక్యం మాట్లాడిన పాపాన పోలేదు. బెజవాడ పటమటలో మా పిన్ని ఉండేది. ఆసుపత్రిలో ఆయా. బాబాయి పోయాక ఒక్కతే ఉంటూ, “దాన్ని నా దగ్గరుంచండి, నేను చదివిస్తా” అని అమ్మతో పోట్లాడి నన్ను తెచ్చుకుంది. డెబ్భయ్యో దశకం మొదట్లో మాట ఇది. అప్పటికి పటమట ఊరి చివరే. పిన్ని అద్దెకున్న గది వెనక గోడ దాటితే వరిచేలు.

మొదటి పాఠం విన్న సాయంత్రం పిన్ని అన్నం వార్చుకుంటుంటే అడిగాను.

“పిన్నీ, పారిడ్జి అంటే ఏంటి?”

“జావే. మా ఆసుపత్రిలో లేవలేనోళ్ళకి కాసిస్తారు. ఎందుకే?”

“పాఠంలో కాలేజీ కుర్రాడు రోజూ పొద్దున్నే అదే తింటాడంట.”

“ఏం రోగమంట వాడికి?” అంది పిన్ని.

ఆ ఇంగ్లీషు పాఠాల మూలంగా నేను మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

ఇంగ్లీషు లెక్చరరుగారు నడివయసు మనిషి. బెజవాడ ఎండల్లో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా టక్ చేసుకుని వచ్చేవారు. గొంతు బాగుండేది. ఆయన పాఠం చదువుతుంటే వినాలనిపించేది, అది ఒప్పుకోవాలి. తను చదవడం అయ్యాక మా చేత ఒక్కొక్క పేరా చదివించేవారు. కాన్వెంటులో చదివొచ్చిన అమ్మాయిలు ముందు బల్లమీద కూర్చునేవాళ్ళు. వాళ్ళు చదువుతుంటే తలాడిస్తూ కిటికీలోంచి బయటికి చూసేవారు. తెలుగు మీడియం వాళ్ళ వంతు వచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, వేడుక చూడ్డానికి కూర్చున్నవాడిలా తయారయ్యేవారు.

ఒకరోజు నన్ను లేపారు. రెండు ముక్కలు చదివేసరికి నాలిక తిరగలేదు.

“ఏ ఊరమ్మా?” అన్నారు. చెప్పాను. రిజిస్టరులో పేరు చూసుకున్నారు. “క్రిస్టియన్‌వా? మరి మీ చర్చీల నిండా దొరలేగా! ఈ మాత్రం ముక్క చదవడానికి ఇంత నత్తి కొడతావేం? వాళ్ళేమీ నేర్పలేదా?”

క్లాసంతా గొల్లుమంది. మా పల్లె చర్చి తాటాకుల పాక. నాకు ఊహ తెలిశాక దానికి దొర వచ్చింది ఒకే ఒక్కసారి. ఆయన కూడా తెలుగులోనే ప్రార్థన చేసి, కొబ్బరినీళ్ళు తాగి, ఎండకి తాళలేక జీపెక్కి వెళ్ళిపోయాడు. ఈ సంగతి ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాదు, తెలుగులో చెబితే ఏమంటారోనని భయం. కూర్చున్నాను. చెవులు మాత్రం గంట కొట్టేదాకా వేడిగానే ఉన్నాయి.

నా పక్కన కూర్చునే అమ్మాయిది వన్ టౌన్. వాళ్ళ నాన్నకి గిన్నెలకి కళాయి వేసే చిన్న కొట్టు ఉండేది, దాని వెనకే ఇల్లు. ఇంట్లో ఉర్దూ, బళ్ళో తెలుగు, చిన్నప్పుడు నేర్చుకున్న అరబ్బీ చదువు, మధ్యలో హిందీ పరీక్షలు కూడా రాసింది. ఇన్ని భాషలున్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. అన్నిటికంటే ఆమెకి ఇష్టమైంది లెక్కలు. లెక్కల సారు బోర్డుమీద లెక్క వేసి ఇటు తిరిగేసరికి ఆమె పెన్ను కింద పెట్టేసి ఉండేది. ఆ పీరియడ్ అయిపోగానే ముందు బల్ల అమ్మాయిలు మా బల్ల చుట్టూ మూగి, “ఈ లైను ఎక్కణ్ణుంచి వచ్చిందే?” అని అడిగేవాళ్ళు. విసుక్కోకుండా, వాళ్ళకి అర్థమయ్యేదాకా చెప్పేది. చెప్పేటప్పుడు గొంతు కూడా మారేది, పెద్దదానిలా.

ఒకరోజు ఇంగ్లీషు పీరియడ్లో ఆమె వంతు వచ్చింది. స్టూడెంట్ అన్న మాటతోనే పేరా మొదలు. ఆమె “ఇస్టూడెంట్” అంది.

వాళ్ళింట్లో అందరూ అలాగే అంటారు. ఇస్కూలు, ఇస్టేషను. ఆ మాటల ముందు ‘ఇ’ లేకుండా పలకడం వాళ్ళ నోటికి రాదు. మనకి రానివి మనకి లేవా? కానీ లెక్చరరుగారికి ఆ పూట అదొక ఆట దొరికింది.

“మళ్ళీ అను.”

“ఇస్టూడెంట్.”

“ఇ ఎక్కడుందమ్మా? చూపించు. పుస్తకంలో ఇ ఎక్కడుంది?”

వెనకనుంచి మగపిల్లలు “ఇస్ ఇస్” అని పాముల్లా బుసకొట్టారు. ఆయన వాళ్ళని వారించలేదు. మిగతా పేరా చదవనివ్వలేదు. ఆ పేజీలో ఆ మాట ఎక్కడెక్కడుందో వేలితో చూపిస్తూ అదొక్కటే పలికించారు. విద్యార్థి జీవితం గురించిన పాఠమాయె, ప్రతి లైనులోనూ ఉంటుంది. ఆమె ప్రతిసారీ ఊపిరి బిగబట్టి ప్రయత్నించింది. ప్రతిసారీ ఇ ముందొచ్చింది. చివరికి ఆయన పుస్తకం మూసి, అందరికీ వినబడేలా అన్నారు:

“ముందు స్టూడెంట్ అనడం నేర్చుకో, తర్వాత స్టూడెంటువి అవుదువుగాని.”

ఆమె ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. వేళ్ళ గోళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఆ వేళ్ళు చూస్తూ నేనెప్పుడు లేచానో నాకే తెలియదు.

“సార్, అర్థం అడగండి సార్. ఆ పాఠం మొత్తం చెబుతుంది. మాలో చాలామందికి రాదు, దానికొచ్చు.”

తెలుగులో అన్నాను. అది మొదటి నేరం. అడక్కుండా లేవడం రెండోది.

“నిన్నెవరు మాట్లాడమన్నారు? గెటవుట్. పెద్దవాళ్ళని తీసుకొచ్చేదాకా నా క్లాసులో అడుగు పెట్టకు.”

ఆ తర్వాత ఇంగ్లీషు పీరియడ్ వచ్చినప్పుడల్లా నేను వరండాలో నిలబడేదాన్ని. పాఠం కిటికీలోంచి వినబడేది. కుర్రాడు పడవ పందెంలో ఓడిపోయాడు, అతనికి ఎంత బాధ కలిగిందో ఆయన మంచి గొంతుతో చదివి వినిపిస్తున్నారు. పరాయిదేశంలో ఒక కుర్రాడు పడవ పందెం ఓడితే అంత జాలి పడగల మనిషి! నాకు ఆ గోడని గుద్దాలనిపించేది. లోపల నా పక్కన కూర్చునే అమ్మాయిని ఆయన ఇంక చదవమనలేదు. ఆమె ఆ క్లాసులో ఉన్నట్టే చూడలేదు.

విషయం దాచిపెట్టి లాభం లేక పిన్నికి చెప్పాను. ఆసుపత్రిలో పర్మిషన్ అడిగి, నీలం అంచు తెల్లచీరలోనే, చెమటలు కక్కుతూ కాలేజీకి వచ్చింది. స్టాఫ్ రూములో ఆయన కూర్చునే ఉన్నారు. ఖాళీ కుర్చీలున్నా ఆమెని కూర్చోమనలేదు.

“మా పిల్ల ఏం చేసిందండీ?” అంది పిన్ని.

ఆయన ఇంగ్లీషులో ఏదో పెద్ద వాక్యం చెప్పారు. ఆమెకి రాదని తెలిసే చెప్పారు. పిన్ని నా వంక చూసింది. నేను నేల చూస్తున్నాను. అప్పుడు తెలుగులోకి దిగి, “స్టూడెంట్ లైఫ్ అంటే డిసిప్లిన్ అమ్మా. మీ పిల్లకి అది లేదు” అన్నారు.

పిన్ని రెండు చేతులూ జోడించింది. “చిన్నదండీ, తెలియక అన్నది. ఈసారికి మన్నించండి బాబుగారూ.”

ఆ చేతులు నాకు ఇప్పటికీ కళ్ళలో ఉన్నాయి. డెట్టాలు వాసన వచ్చే చేతులు. ఎంతమంది బాలింతలకి నీళ్ళు పోశాయో, ఎంతమంది రోగుల దొడ్డి ఎత్తాయో. అవి జోడించాల్సినంత గొప్పపని ఆయనేం చేశాడు?

“నువ్వు చెప్పు. ఇంగ్లీషులో” అన్నారు నాతో.

“ఐ యామ్ సారీ సార్” అన్నాను.

“సారీ కాదు. పెదాలు గుండ్రంగా పెట్టి అను. మళ్ళీ.”

మళ్ళీ అన్నాను. కాలేజీలో నేను మొదటిసారి తప్పు లేకుండా మాట్లాడిన ఇంగ్లీషు వాక్యం అదే, చెయ్యని తప్పుకి క్షమాపణ. దాన్ని కూడా దిద్దారు.

ఇంటికి నడిచి వస్తుంటే బందరు రోడ్డుమీద పిన్నితో పోట్లాటకి దిగాను.

“నీకు సిగ్గనిపించలేదా, అట్టా దణ్ణం పెట్టడానికి?”

“అనిపించింది. ఎందుకనిపించదు?” అంది పిన్ని నడుస్తూనే. “ఆసుపత్రిలో రోజూ అనిపిస్తది. సిగ్గేసినప్పుడల్లా ఇంటికొచ్చి కూచుంటే ఎట్టా జరుగుద్దే? నీకు కోపమొస్తే మంచిదే. పోగొట్టుకోమాక. కానీ ఆయన ముందు చూపిస్తే ఆయనకే లాభం. అది నీ దగ్గర పెట్టుకో, పెట్టుకుని చదువు.”

చదివాను. కోపంతోనే చదివాను. ఆసుపత్రిలో ఎవరో పారేసిన ఇంగ్లీషు పత్రికలు పిన్ని ఏరి తెచ్చేది. అర్థమైనా కాకపోయినా పైకి చదివేదాన్ని. ఆ కుర్రాడి పాఠాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేలా బట్టీ పట్టాను.

రెండో ఏడాది ప్రత్యేక ఆంధ్ర రాష్ట్ర ఉద్యమం వచ్చిపడింది. కాలేజీలన్నీ మూతపడ్డాయి. రైళ్ళు ఆగిపోయాయి, రోడ్లమీద టైర్లు తగలబెట్టారు, కర్ఫ్యూ పెట్టారు. పిన్ని డ్యూటీకి చీటీ చూపించి పోవాల్సి వచ్చేది. ఊళ్ళో కాల్పులు జరిగాయంటే ఆమె వచ్చేదాకా నేను గుమ్మంలోనే కూర్చునేదాన్ని. అటు వన్ టౌన్‌లో నా స్నేహితురాలు ఎలా ఉందో తెలిసే దారే లేదు. మా స్టూడెంట్ లైఫ్ అది. నెలల తరబడి మూతపడి మళ్ళీ తెరిస్తే, లెక్చరరుగారు ఏమీ జరగనట్టు వచ్చి, “పాఠాలు చెప్పే టైము లేదు, నోట్సు రాసుకోండి” అన్నారు. ‘విద్యార్థి జీవితంలో ఆనందాలు’ అని ఇంగ్లీషులో వ్యాసం. టెన్నిసు ఆట, స్నేహితులతో విహారయాత్ర, సాయంకాలం చర్చలు. బయట గోడలమీద నినాదాలింకా ఆరలేదు. గబగబా చెప్పుకుపోతుంటే కాన్వెంటు అమ్మాయిలే అందుకోలేకపోయారు. నా పక్కనున్న అమ్మాయి కాసేపు రాసి ఆపేసింది.

“రాయవే, ఇదే పరీక్షలో ఇస్తారు” అన్నాను.

“నేనెప్పుడు ఆడానే టెన్నిసు?” అంది.

ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో ఆడపిల్లల్లో ఆమెదే పైచెయ్యి. ఇంగ్లీషు పోయింది. ఇంగ్లీషు పోతే ఇంటర్ పోయినట్టే, డిగ్రీలో సీటు లేదు. లెక్కలు ఎన్ని వచ్చినా ఎవరికీ అక్కర్లేదు. నేను అన్నీ పాసయ్యాను.

ఆ రోజే వన్ టౌన్ వెళ్ళాను. వాళ్ళ నాన్న కొలిమి దగ్గర గిన్నె వేడి చేసి, నవాసారం పొడి చల్లి, తగరం రాసి దూదితో తుడుస్తున్నాడు. తెల్లటి పొగలో నన్ను చూసి పని ఆపాడు.

“బేటీ, నువ్వు నిజం చెప్పు. నా కూతురు మొద్దా?”

“కాదు చాచా. మా క్లాసులో అందరికన్నా తెలివైంది.”

“మరి ఎందుకు తప్పించారు?”

తప్పించారు అన్నాడు, తప్పింది అనలేదు. చదువురాని ఆయనకి ఆ తేడా ఎలా తెలిసిందో, సరిగ్గా ఆ మాటే వాడాడు.

అక్కణ్ణుంచి తిన్నగా లెక్చరరుగారింటికి వెళ్ళాను. సెప్టెంబరు పరీక్షకి ఆమెకి కొంచెం చెప్పమని అడుగుదామని. ఆయన ఇంట్లో ట్యూషన్లు చెప్పేవారు. వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్నారు. నన్ను గుర్తుపట్టి, పాసయ్యానని తెలిసి మెచ్చుకున్నారు కూడా. వచ్చిన పని చెప్పాను.

“ఎవరూ, ఆ కళాయి వాళ్ళమ్మాయా? లెక్కల్లో బాగా వచ్చాయటగా?”

“అవునండీ.”

“ఇంకేం మరి, వాళ్ళ నాన్న కొట్టుకి సరిపోతాయి” అని నవ్వి పేపరు తిప్పారు. “ఇంగ్లీషు ఆ నోటికి కాదమ్మా. వదిలెయ్.”

నమస్కారం పెట్టకుండా వచ్చేశాను. గేటు గట్టిగా వేశాను. అంతకంటే ఏం చేయగలిగాను? ఏలూరు కాలవ వంతెన దగ్గరికి వచ్చాక, అనాల్సిన మాటలన్నీ ఒక్కటొక్కటిగా నోటికొచ్చాయి. తెలుగులోనూ వచ్చాయి, ఇంగ్లీషులోనూ వచ్చాయి, అదీ తప్పుల్లేకుండా. రోడ్డుమీద ఒక్కదాన్నే గొణుక్కుంటూ నడుస్తుంటే రిక్షావాళ్ళు తిరిగి చూశారు.

ఆ ఎండాకాలమంతా నేనే ఆమెకి చెప్పాను. కొలిమి వేడీ, ఇంటి వెనకున్న కొండరాళ్ళ వేడీ కలిసి ఆ ఇల్లు ఉడికిపోయేది. తడిగుడ్డ మెడచుట్టూ వేసుకుని రీడరు ముందు పెట్టుకునేవాళ్ళం. పాఠాలు ఆమెకి నాకంటే బాగా అర్థమయ్యేవి. “కిటికీ గురించి కాదే వాళ్ళ గొడవ. ఆ రెండోవాడికి డబ్బుందని వీడికి కుళ్ళు” అనేది. తిరగేసి చూస్తే నిజమే. మా లెక్చరరుగారు ఒక్కనాడు చెప్పని మాట. ప్రశ్నకి జవాబు సొంతంగా రాసేది, చిన్న చిన్న వాక్యాలు, పొల్లు మాట ఉండేది కాదు. నేను మాత్రం నోట్సు బట్టీ పట్టమని పోరేదాన్ని, ఎందుకంటే దిద్దేవాళ్ళు చూసేది అదే.

సెప్టెంబరులో కొద్దిలో మళ్ళీ తప్పింది.

మార్చి పరీక్షకి ఫీజు కట్టమని చెప్పడానికి వెళ్ళాను. చీరకొంగు బొడ్లో దోపి గిన్నెలు తోముతోంది. నా మాట పూర్తి కానివ్వలేదు.

“నేనింక రాయను.”

“ఇంకొక్కసారి. ఈసారి తప్పకుండా...”

“నువ్వు కూడా ఆయనలాగే నన్ను నిలబెట్టే ఉంచుతున్నావే” అంది. గొంతు పెంచలేదు. “మళ్ళీ అను, మళ్ళీ రాయి. ఎన్నిసార్లు? నాకొచ్చింది ఒకటుంది. దాన్ని ఎవడూ అడగడు. రానిదాన్నే పట్టుకుని ఊపుతారు. నేను వాళ్ళ దగ్గరికి మళ్ళీ పోను.”

“పోకపోతే వాళ్ళే గెలిచినట్టు.”

“గెలవనీ. నీకు కోపమైతే నువ్వు పోట్లాడు. నా బతుకుతో కాదు.”

చాలా మాటలు అనుకున్నాం. ఏడుస్తూ బస్సెక్కాను. కొన్నాళ్ళు మా మధ్య మాటల్లేవు.

నేను బియ్యస్సీ చేశాను. తర్వాత టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. రోజంతా ఇంగ్లీషే. నా ఇంగ్లీషు బాగుంటుందని పై ఆఫీసర్లు అనేవాళ్ళు. విన్నప్పుడల్లా ఒక క్షణం సంతోషం, వెంటనే చిరాకు.

ఆమె తనంతట తనే వీధిలో పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళయ్యాక అత్తవారిల్లు రెండు సందుల అవతలే. అక్కడా మానలేదు. హైస్కూలు పిల్లలు అయిపోయి ఇంటర్ పిల్లలు రావడం మొదలెట్టారు. మా కాలేజీ వాళ్ళూ వచ్చేవాళ్ళు. మా ఇద్దరికీ మాటలు ఎప్పుడు కలిశాయో చెప్పలేను. ఒక రంజాన్‌కి పిన్నినీ నన్నూ భోజనానికి పిలిచింది, వెళ్ళాం, అంతే.

ఒక ఆదివారం నేనక్కడుండగా ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, జేబులో పెన్ను. గదినిండా చాపలమీద కూర్చున్న పిల్లల్ని చూశాడు, బోర్డు చూశాడు.

“మీరేం చదివారండీ?” అన్నాడు ఆమెతో.

“ఇంటర్ తప్పానండీ. ఇంగ్లీషు పోయింది” అంది ఆమె, ఊరిపేరు చెప్పినట్టు.

ఆయన ముఖం మారింది. “మళ్ళీ వస్తాం” అని కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. నేను ఉండబట్టలేక వాళ్ళ వెనకే వెళ్ళాను. సందు మలుపులో పట్టుకున్నాను.

“ఏమండీ, మీ అమ్మాయికి లెక్కలు కావాలా, సర్టిఫికెట్టు కావాలా? ఆవిడ దగ్గర చదివినవాళ్ళు ఎక్కడెక్కడున్నారో తెలుసా మీకు? లోపల కూర్చుని ఒక్క లెక్క విని అప్పుడు పోండి!”

తోపుడుబళ్ళ వాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆయన బిత్తరపోయి, “మీరెవరండీ?” అన్నాడు. ఆ పిల్ల మాత్రం నా వంకే చూస్తోంది. నేను ఇంకా గట్టిగా అరుస్తున్నానని నా స్నేహితురాలు వచ్చి భుజం పట్టుకుని లాగేదాకా నాకు తెలియలేదు.

“ఇంక చాల్లేవే. పిల్లలు కూర్చుని ఉన్నారు, లెక్క సగంలో ఉంది” అంది.

లోపలికి వచ్చాం. ఆమె సుద్దముక్క తీసుకుని బోర్డువైపు తిరిగింది. నేను గుమ్మం దగ్గర చాపమీద కూర్చున్నాను. పాఠం అయ్యేదాకా ఒక కన్ను సందువైపే ఉంచాను, ఆ పిల్ల తిరిగొస్తుందేమోనని.